సీసాలో పొంగు – కొలతలోనే క్షేమం



చెట్టు నుంచి దించిన కల్లు కుండ ఎందుకు నురగలు కక్కుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఈస్టు అనే, కంటికి కనపడని జీవి నీరాలోని చక్కెరను తిని రెండు వస్తువులు పుట్టిస్తుంది. ఒకటి మత్తునిచ్చే ఆల్కహాలు, రెండోది బొగ్గుపులుసు వాయువు. కుండ మూతి తెరిచి ఉంటుంది గనుక వాయువు పోతుంది. మరి బిగించిన సీసాలో అయితే?

ఫ్రాన్సు దేశంలోని షాంపేన్ సీమలో చేసేది ఆ పనే. ముందు ద్రాక్షరసాన్ని మామూలుగా పులియబెట్టి తేరుస్తారు. దాన్ని సీసాలకెత్తి, మళ్లీ కాస్త చక్కెర, ఈస్టు కలిపి మూత బిగిస్తారు. పోయే దారిలేక వాయువు మద్యంలోనే కరిగిపోతుంది. సీసా తెరిచినప్పుడు ఉబికే బుడగలు అవే. అడుగున చేరే మడ్డి సంగతంటారా? సీసాను తలకిందులుగా వాల్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తిప్పితే మడ్డి మూతికి చేరుతుంది. మూతిని గడ్డకట్టించి తెరిస్తే మడ్డిగడ్డ తానే ఎగిరిపడుతుంది.

ఇక అసలు సంగతి చక్కెర కొలత. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే, చల్లని నేలమాళిగలో సుమారు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పుడుతుంది. వాళ్లు వేసేది సుమారు 24 గ్రాములు. అంటే ఆరింతలు! కారు టైరులో గాలి ఒత్తిడికి ఇది దాదాపు మూడు రెట్లు. అందుకే ఆ సీసాలు అంత మందం. వేడి తగిలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

పూర్వం అక్కడ చక్కెర ఉజ్జాయింపుగా వేసేవారు. ఒక సీసా పేలితే పక్కవీ పేలేవి. పనివారు ముఖాలకు ఇనుప ముసుగులు తొడుక్కునేవారు. 1836లో ఫ్రాన్స్వా అనే మందుల వ్యాపారి, మద్యంలో మిగిలిన చక్కెరను కొలిచి, ఇంకా ఎంత వేయాలో లెక్క కట్టే పద్ధతి ప్రకటించాడు. ఆ తరవాత నష్టం క్రమంగా తగ్గింది. చట్టం ఒప్పుకునే దేశాలలో ఇంట్లో ఇది చేసుకునేవారికీ సూత్రం ఒకటే: చక్కెర చేతితో కాదు, త్రాసుతో వేయాలి, మామూలు సీసా వాడరాదు.

మన రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా మద్యం చేయడం నేరం. కానీ ఇంట్లో నిల్వచేసే ద్రాక్షరసానికీ ఈ ప్రమాదం ఉందండీ! సరిగా కాచని రసంలో ఈస్టు బతికే ఉంటుంది. రసం పోసిన సీసాలను సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో అరగంట ఉంచండి. మూత ఉబ్బినా, బుడగలు కనిపించినా ముఖం దగ్గర పెట్టి తీయకండి. చల్లబరచి, మందపు గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పి మెల్లగా వదులు చేయండి. విస్తరణ కార్యకర్తలు ఈ ఒక్కమాట ఇంటింటా చెప్పాలి. సీసా పోతే మరొకటి వస్తుంది. కన్ను పోతే రాదు.