సూదిచికిత్స – రోగి నమ్మకము

మన వాడుకలో సూది యనగా మందెక్కించు సూది. వైద్యుడు సూది వేయనిదే వైద్యము జరిగినట్లు కాదని తలంచువారు పల్లెలలోను పట్టణములలోను నేటికిని గలరు. ఆక్యుపంక్చర్ అనబడు చైనాదేశపు చికిత్సలో వాడు సూది వేరు. అది వెండ్రుకవలె సన్ననిది; దానిద్వారా ఏ మందును శరీరములోనికి పోదు. అయినను నడుమునొప్పితోను మోకాలినొప్పితోను బాధపడువారిలో పలువురు దానివలన ఉపశమనము పొందుచున్నారు. ఆ ఉపశమనములో సూది పాలెంత, రోగి నమ్మకము పాలెంత యను ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలముగా వేధించుచున్నది.

దీనిని తేల్చుట సులభము కాదు. మాత్ర విషయమున, మందులేని మాత్రను అదే రంగున, అదే రూపమున చేసి యీయవచ్చును. సూది గ్రుచ్చుటను నటించుట యెట్లు? ఇందులకు రెండు ఉపాయములు వాడుకలోనికి వచ్చినవి. నిర్ణీత స్థానములను విడిచి వేరొక చోట పైపైన గ్రుచ్చుట ఒకటి. రెండవది, 1998లో జర్మనీ వైద్యులు ప్రకటించిన మొండి సూది. నాటకములోని బాకువలె అది ఒత్తగానే పిడిలోనికి జారిపోవును గాని చర్మములో దిగదు. రోగికి మాత్రము గ్రుచ్చినట్లే తోచును.

2007లో జర్మనీలో వెలువడిన యొక పెద్ద పరిశోధనలో, దీర్ఘకాలపు నడుమునొప్పి గల 1,162 మంది పాల్గొనిరి. ఆరు నెలల పిమ్మట చూడగా, నిజమైన సూదిచికిత్స పొందినవారిలో నూటికి సుమారు 48 మందికి, పైపైన గ్రుచ్చిన బూటకపు సూదులు పొందినవారిలో 44 మందికి గుణము కనిపించెను. మందులు, వ్యాయామము మొదలగు మామూలు చికిత్సతో గుణము కనిపించినది 27 మందికే. అదే సంవత్సరము మరికొందరు జర్మను పరిశోధకులు, తలనొప్పి, నడుమునొప్పి, మోకాలినొప్పులకు సంబంధించిన నాలుగు పరిశోధనలలోని 864 మంది వివరములను కలిపి పరిశీలించిరి. తమకెంత మేలు కలుగునని ఆశించుచున్నారో ఆ రోగులను చికిత్సకు పూర్వమే అడిగి వ్రాసికొనియుండిరి. గట్టి ఆశతో వచ్చినవారికే మేలు ఎక్కువగా కలిగినట్లు తేలెను.

దీనిని వట్టి భ్రమ యని త్రోసివేయుట తగదు. 1978లో అమెరికాలో, జ్ఞానదంతములు తీయించుకొన్నవారికి మందులేని సూదినిచ్చి చూచిరి. దానితోనే నొప్పి తగ్గినవారికి పిమ్మట నాలోక్సోన్ ఇయ్యగా నొప్పి మరల హెచ్చెను. నల్లమందు జాతి ఔషధముల పనిని అడ్డగించునది నాలోక్సోన్. కావున నమ్మకము కలిగినపుడు దేహమే నల్లమందు వంటి ద్రవ్యములను విడుదల చేయుచున్నదని వారు భావించిరి.

చికిత్సకుని నడవడియు ఇందు చేరును. 2008లో ప్రకటింపబడిన యొక అమెరికా పరిశోధనలో, ప్రేగుల బాధతో వచ్చిన 262 మందిలో కొందరికి ఏ చికిత్సయు చేయక వేచియుండుమనిరి. మూడు వారములలో వారిలో నూటికి 28 మందికి తగినంత ఉపశమనము కలిగెను. ముక్తసరిగా మాటలాడి బూటకపు సూదులు వేసినవారిలో 44 మందికి, అవే సూదులను ఆదరముతో, రోగి మాట ఓపికగా విని వేసినవారిలో 62 మందికి కలిగెను. రద్దీ ఆసుపత్రులలో పనిచేయువారు గమనింపదగిన సంగతి ఇది.

కాని ఈ నమ్మకమునకు ఎల్ల యొకటి గలదు. 2011లో ఉబ్బసరోగులపై జరిగిన పరిశోధన దానిని స్పష్టపరచెను. నిజమైన పీల్చుమందు, మందులేని పీల్చుగొట్టము, బూటకపు సూది, ఈ మూడింటిలో ఏది వాడినను రోగులు తమ బాధ దాదాపు సగము తగ్గినదని చెప్పిరి. యంత్రముతో ఊపిరిని కొలువగా, నిజమైన మందుతో నూటికి 20 పాళ్ళు మెరుగుపడెను. తక్కిన రెండింటితో 7 పాళ్ళే. ఏ చికిత్సయు లేనపుడును అంతే. రోగి చెప్పినది అబద్ధము కాదు. అతనికి నిజముగనే హాయి కలిగెను. శ్వాసనాళములు మాత్రము బిగిసియే యుండెను.

అందువలన ఉబ్బసము గలవారు సూదిచికిత్స చేయించుకొనదలచినచో ఆ సంగతి తమ వైద్యునికి ముందుగా తెలుపవలెను. ఆయన వ్రాసియిచ్చిన పీల్చుమందును తమంతట తాము మానరాదు. ఊపిరి వేగమును కొలుచు చిన్న గొట్టము ఇంట నుంచుకొని, అందు గట్టిగా ఊది, వచ్చిన అంకెను ప్రతిదినము వ్రాసికొనుట మేలు. ఆ అంకె పడిపోవుచున్నచో, రొమ్ము తేలికపడినట్లు తోచినను, వైద్యుని కడకు వెంటనే పోవలెను.