మామయ్య తెచ్చిన తైలం

మా మామయ్య ఇప్పుడు లేరు. విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. యాభై దాటాక కతోలిక గురువు అయ్యారు.

అత్తయ్య పోయింది. పిల్లలు లేరు. ఏడాది నిండాక ఒకరోజు ఇంటికొచ్చి, "సెమినరీకి వెళ్తానక్కా" అన్నారు. మళ్లీ పెళ్లి చేద్దామని సంబంధాలు చూస్తున్న అమ్మకు నోట మాట రాలేదు. "రేపు మంచాన పడితే నిన్నెవరు చూస్తార్రా?" అని ఏడ్చింది. చాలాకాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు.

భార్య మరణించిన వ్యక్తి గురుపట్టం పొందడానికి శ్రీసభ చట్టం అడ్డు చెప్పదు. కానీ వయసు ఎంతైనా తత్త్వశాస్త్రం, వేదాంతం చదవాల్సిందే. కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని మామయ్య చదివారు. ఎవరైనా నవ్వితే పునీత లొయోలా ఇగ్నేషియస్‌వారిని గుర్తుచేసేవారు. మన ఆంధ్ర లొయోలా కళాశాల ఆయన పేరు మీదే వెలిసింది. 1521లో యుద్ధంలో కాలు విరిగిన ఆ సైనికుడు, ముప్పై దాటాక చిన్నపిల్లలతో కూర్చుని లాటిన్ నేర్చుకున్నారు. 1537లో గురువు అయ్యారు.

కొన్నేళ్లకు అమ్మ గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరింది. మామయ్య తైలం పట్టుకుని వస్తుంటే నేను తలుపు దగ్గరే ఆపాను. "వద్దు మామయ్యా, తను పోతున్నానని అమ్మ భయపడుతుంది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "మాత్రలు వేళకు వేస్తున్నారా?" అని ముందు అడిగారు. తర్వాత, "ఇది చావుకు గుర్తు కాదమ్మా. డాక్టరుగారిని పిలిచినప్పుడే మమ్మల్నీ పిలవండి" అన్నారు.

ఆయన చెప్పింది నిజం. మన పెద్దలు 'అవస్థ' అని పిలిచిన ఈ సంస్కారం చివరి ఘడియకే పరిమితం కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లో స్పష్టం చేసింది. ఆరవ పౌలు పోపుగారు 1972లో కొత్త క్రమాన్ని ఆమోదించారు. తీవ్రమైన జబ్బు చేసినవారు, పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవారు, బలహీనపడిన వృద్ధులు ఈ అభ్యంగనం పొందవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ పొందవచ్చు. నుదుటికి, చేతులకు తైలం పూస్తారు. ఇది మందుకు బదులు కాదు. మందులు, పరీక్షలు మానకూడదు.

అమ్మ తనంతట తనే రెండు చేతులూ చాపింది. తైలం పూస్తూ తమ్ముడు, పూయించుకుంటూ అక్క, ఇద్దరూ ఏడ్చారు. ఆ రాత్రి అమ్మ ప్రశాంతంగా నిద్రపోయింది. పది రోజులకు ఇంటికొచ్చింది.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలు జరుగుతాయి. ఆ 11వ తేదీనే 1993 నుంచి శ్రీసభ ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది. ఆ రోజు కొండకు వెళ్లేవారు ఇంట్లో మంచం మీదున్న వారినీ తలుచుకోండి. స్పృహ ఉండగానే, మాట్లాడగలిగినప్పుడే గురువుని పిలవండి.

తర్వాత మామయ్యకు షుగరు వల్ల కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రం తోటి గురువుని తానే పిలిపించుకుని అభ్యంగనం తీసుకున్నారు. గది నిండా మేమూ, ఆయన విచారణ ప్రజలూ ఉన్నాం. మర్నాడు స్ట్రెచర్ మీద వెళ్తూ అమ్మ వైపు చూసి నవ్వారు.

"చూసేవాళ్లు ఉన్నారుగా అక్కా" అన్నారు.