అప్పు కాగితం చదవండి

బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర పూలు, కొబ్బరికాయలు అమ్మి బతికేవాళ్లు ఎందరో. 2020లో కరోనా వచ్చింది. ఆ ఏడు అమ్మవారి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మరి పూలు ఎవరు కొంటారు?

రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. కానీ మళ్లీ బుట్ట పెట్టాలంటే పెట్టుబడి కావాలి గదా!

ఆ జూన్‌లో కేంద్ర ప్రభుత్వం స్వనిధి పథకం తెచ్చింది. వీధి వ్యాపారులకు తాకట్టు లేకుండా బ్యాంకులు 10,000 రూపాయల దాకా అప్పు ఇచ్చాయి. వేళకు కట్టినవాళ్లకు వడ్డీలో కొంత ప్రభుత్వమే భరించింది.

అప్పు దానం కాదు. తిరిగి కట్టాలి. సంతకం చేసేముందు కాగితం చదవండి. ఎంత తీసుకున్నాం? నెలకెంత కట్టాలి? ఎన్ని నెలలు? ఈ మూడూ రాసి పెట్టుకోండి.