పాషాణం మందైన తీరు

చిగుళ్ల నుంచి ఆగని నెత్తురు, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్ చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. డాక్టర్లు దీన్ని ఏపీఎల్ అంటారు. ఒకప్పుడు జబ్బేమిటో తేలిన కొద్ది రోజులకే మెదడులో రక్తస్రావమై తరచూ ప్రాణం పోయేది. ఇప్పుడు బాగా నయమయ్యే రక్తక్యాన్సర్లలో ఇదొకటి. నయం చేసేది తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. చైనా సంప్రదాయ వైద్యం లోకానికిచ్చిన గొప్ప మందుల్లో ఇదొకటని నా నమ్మకం. దాని కథలో రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రికి పెద్ద పాత్రే ఉంది.

1970ల మొదట్లో చైనాలోని హార్బిన్‌లో ఝాంగ్ టింగ్‌డాంగ్ అనే డాక్టరు చేతికి ఒక నాటుమందు వచ్చింది. అందులో ఉన్నవి తెల్ల పాషాణం, పాదరస లవణం, గోదురుకప్ప విషం. ఆయన బృందం మూడింటినీ విడదీసి రక్తక్యాన్సర్ మీద పరీక్షించింది. పనిచేస్తున్నది పాషాణమేనని, మిగతా రెండూ హాని చేస్తున్నాయని తేలింది. నాటుమందు వైద్యశాస్త్రంలోకి అడుగుపెట్టింది అక్కడే.

ఏపీఎల్‌లో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, రెండు జన్యువులు అతుక్కుని ఒక కలగాపులగపు ప్రొటీన్ తయారవుతుంది. దానివల్ల తెల్లకణం పాలకంకి దశలోనే నిలిచిపోయిన వరిలా ఎదుగుదల ఆగి, మజ్జ నిండా పేరుకుపోతుంది. ఆర్సెనిక్ నేరుగా వెళ్లి ఆ ప్రొటీన్‌లోని పీఎంఎల్ అనే భాగాన్ని పట్టుకుంటుంది. అప్పుడు కణమే దాన్ని చెత్తగా గుర్తించి ముక్కలు చేసేస్తుంది. ఈ పట్టు సంగతిని చైనా శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. చీ, యిన్, యాంగ్ అనే చైనా వైద్యపు పాత సిద్ధాంతంతో దీనికి పని లేదు.

ఇక వేలూరు. సీఎంసీని స్థాపించిన ఇడా స్కడర్ గుడియాత్తం రోడ్డు మీద బండి ఆపి, చెట్ల కింద పేదలకు వైద్యం చేసేవారు. అలాంటి ఆస్పత్రికి ఏపీఎల్ ఖర్చు పెద్ద ప్రశ్నే అయింది. అప్పటి పద్ధతి ఆట్రా అనే విటమిన్-ఏ రకం మందు, దానికి తోడు కీమోథెరపీ. చాలా కుటుంబాలు ఆ ఖర్చు భరించలేవు. 1998 నుంచి 2004 దాకా విక్రమ్ మాథ్యూస్, మామెన్ చాండీ బృందం కొత్తగా జబ్బు తేలిన 72 మందికి ప్రధానంగా ఆర్సెనిక్‌నే నమ్ముకుని వైద్యం చేసింది. పెద్దలకు రోజుకు 10 మిల్లీగ్రాములు, సెలైన్‌లో. 62 మందిలో జబ్బు జాడ కనిపించకుండా పోయింది. ఈ ఫలితాలు 2006లో 'బ్లడ్' పత్రికలో వచ్చాయి. 2013లో ఐరోపా పరిశోధకులు ఆర్సెనిక్, ఆట్రా జోడీ పాత ఆట్రా-కీమో జోడీకి ఏమాత్రం తీసిపోదని చూపాక సంపన్న దేశాలూ ఇదే దారి పట్టాయి.

ఇది విషమే, ఆ సంగతి వార్డులో ఎవరూ మరచిపోరు. గుండె లయ తప్పకుండా తరచూ ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గకుండా చూస్తారు. మొదటి వారాల్లో తెల్లకణాలు ఒక్కసారిగా పెరిగి ఊపిరాడని పరిస్థితి రావచ్చు, దానికి స్టెరాయిడ్లు సిద్ధంగా ఉంచుతారు. కొలత తెలియని పాషాణం పొట్లంలో ఈ కాపలా ఒక్కటీ ఉండదు.

చైనా వైద్యంలో అన్నీ ఇలా నిలబడలేదు. మలేరియాకు ఆర్టెమిసినిన్ నిలబడింది, దాన్ని కనుగొన్న తూ యోయోకు 2015లో నోబెల్ వచ్చింది. ఆక్యుపంక్చర్ దీర్ఘకాలపు నొప్పికి, కీమో వికారానికి కొంత ఉపశమనం ఇస్తుంది గానీ, ఉత్తుత్తి సూదులతో పోల్చి చూస్తే తేడా తక్కువే. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన ఎందరో స్త్రీలకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం అరిస్టలోకిక్ ఆమ్లం.

ఇప్పుడు చైనాలో ఏపీఎల్‌కు మణిశిల (ఆర్సెనిక్ ఖనిజం), నీలిమందు మొదలైనవి కలిసిన మాత్రలు వాడుతున్నారు. ఆట్రాతో కలిపి ఇస్తే అవి సెలైన్‌లో ఎక్కించే ఆర్సెనిక్‌కు తీసిపోలేదని పరీక్షలు చెబుతున్నాయి. అలాంటి మాత్ర మన దగ్గరా దొరికితే, గుడియాత్తంలో మగ్గం నేసే మనిషి వారాల తరబడి పని మాని సెలైన్ కోసం రోజూ వేలూరు బస్సెక్కనక్కరలేదు.