చవక చెక్క, నిటారు వలయాలు

హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకుంటున్న ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది: "ఒక్క గదికైనా అసలు చెక్కతో నేల వేయించాలని ఉంది. లామినేట్ వద్దు, ప్లైవుడ్ మీద పొర అంటించినదీ వద్దు. మంచి టేకు వెడల్పు పలకల ధర విని వెనక్కి వచ్చేశాం. తక్కువలో దొరికే గట్టి చెక్క ఏదైనా ఉందా?"

చెక్కను గట్టిదనం చూసి ఎంచుకోవడం చాలామంది చేసే పనే. దానికి ఒక కొలత కూడా ఉంది. ఆస్ట్రియాకు చెందిన గేబ్రియల్ యాంకా 1906లో ప్రతిపాదించిన పరీక్షలో 11.28 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు గుండును చెక్కలోకి సగం దాకా నొక్కి, అందుకు ఎంత బలం పట్టిందో చూస్తారు. అమెరికన్ రెడ్ ఓక్‌కు 1,290 పౌండ్ల బలం పడుతుంది, టేకుకు వెయ్యి దాటి కొంచెం. ఈ లెక్కన టేకు ఓడిపోయినట్టే. కానీ కుర్చీ కాలి కింద ఎంత సొట్ట పడుతుందో తప్ప యాంకా అంకె ఇంకేమీ చెప్పదు. నాలుగేళ్ల తర్వాత పలకల మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు వస్తుందా, వానాకాలంలో నేల నడిమధ్య ఉబ్బి పైకి లేస్తుందా అన్నవి దానికి అందని విషయాలు. చెక్క నేలలు ఎక్కువగా చెడేది మాత్రం ఈ కదలిక వల్లే. అది అర్థమైతే తక్కువ ఖర్చులో మంచి నేల ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసిపోతుంది.

పచ్చి మానులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలులో నిండిన నీరు ఒకటి, కణాల గోడల్లో ఇంకిన నీరు ఇంకొకటి. దుంగ ఎండేటప్పుడు ముందు బోలులోని నీరు పోతుంది. బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. నీటి పాలు చెక్క పొడి బరువులో 30 శాతం దగ్గరికి వచ్చేసరికి బోలు ఖాళీ అవుతుంది, గోడలు మాత్రం నిండుగా తడిసే ఉంటాయి. కుంచించుకుపోవడం అక్కడి నుంచే మొదలు. ఈ గీతను స్పష్టంగా పట్టుకున్నది అమెరికా అటవీ శాఖలో పనిచేసిన హ్యారీ టీమన్. ఎండే కొద్దీ చెక్క బలం మొదటి నుంచీ పెరుగుతూ పోతుందనుకునేవాళ్లకు, ఒక స్థాయి దాకా బలంలో ఏ మార్పూ ఉండదనీ, ఆ తర్వాతే పెరగడం మొదలవుతుందనీ 1906లో ప్రచురించిన ప్రయోగాలతో చూపించాడు. ఆ స్థాయినే ఇప్పుడు నార సంతృప్త స్థానం అంటున్నారు.

ఇక అసలు సంగతి కణం గోడలో ఉంది.

గట్టిపడిన గోడను సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే మూడు పొరలు కనిపిస్తాయి. వాటిలో మధ్య పొర అన్నిటికన్నా మందం, పెత్తనమంతా దానిదే. అందులో సెల్యులోజ్ సన్నని పోగులుగా పేరుకుని, మాను పొడవునా దాదాపు నిలువుగా, 10 నుంచి 30 డిగ్రీల ఏటవాలుతో కణాన్ని చుట్టుకుని ఉంటుంది. పోగు లోపల అణువులు ఎంత బిగువుగా అమరి ఉంటాయంటే అక్కడికి నీరు చొరబడలేదు. పోగుకీ పోగుకీ మధ్య ఉండే హెమిసెల్యులోజ్ మాత్రం నీటిని వదలదు. గాలిలోని తేమ అక్కడికి చేరి అతుక్కోగానే పోగులు పక్కలకు జరుగుతాయి, పొడుగు మాత్రం పెరగవు. వదులుగా కట్టిన వెదురు మోపులో బొంగుల మధ్య శనగలు పోసి నానబెడితే మోపు లావెక్కుతుంది తప్ప బొంగు పొడవు పెరగదు కదా, ఇదీ అంతే. పచ్చి చెక్కను పూర్తిగా ఎండబెట్టినా పొడవునా తగ్గేది 0.1 నుంచి 0.2 శాతమే. పదడుగుల పలక ఏ కాలంలోనైనా పదడుగులే.

అడ్డంగా చూస్తే కథ వేరు. అక్కడ మళ్లీ రెండు దిశలున్నాయి. మాను నడుమ నుంచి బెరడు వైపు వెళ్లేది ఒకటి, వలయం వెంబడి చుట్టూ తిరిగేది ఇంకొకటి. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా టేకు మొదటి దిశలో 2.5 శాతం, రెండో దిశలో 5.8 శాతం తగ్గుతుంది. రెడ్ ఓక్‌కు ఆ అంకెలు 4.0, 8.6. అమెరికన్ బీచ్‌కు 5.5, 11.9. జాతి ఏదైనా వలయం వెంబడి కదలిక దాదాపు రెట్టింపు.

ఎందుకు రెట్టింపు? శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఇది. మొదట అందరి చూపూ కిరణ కణాల మీద పడింది. ఇవి బెరడుకూ మాను నడుమకూ మధ్య ఆహారాన్ని చేరవేసే కణాల వరుసలు. మిగతా నారంతా నిలువుగా ఉంటే ఇవి అడ్డంగా పడుకుని ఉంటాయి. కణం తన పొడవునా కుంచించదు కాబట్టి ఈ వరుసలు ఆ దిశలో చుట్టూ ఉన్న చెక్కను పట్టి ఆపుతాయి. చక్కని వివరణ, నిజం కూడా. అయితే ఇదొక్కటే కారణమని తేల్చేసినవాళ్లు తొందరపడ్డారు. కిరణాలు చాలా సన్నగా ఉండే పైన్ జాతి చెట్లలోనూ తేడా పోలేదు మరి! అక్కడ రెండో కారణం ముందుకొచ్చింది. ప్రతి వలయంలోనూ చెట్టు చురుగ్గా పెరిగే కాలంలో ఏర్పడిన పలుచని భాగం, ఆ తర్వాత ఏర్పడిన చిక్కని భాగం పక్కపక్కనే ఉంటాయి. చిక్కని భాగం ఎక్కువ కుంచిస్తుంది. వలయం వెంబడి ఈ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని సాగుతాయి కనుక బలమైన చిక్కని భాగం బలహీనమైన పలుచని భాగాన్ని తన వెంట లాక్కుపోతుంది. నడుమ నుంచి బెరడు వైపు అలా లాగే వీలు లేదు. అటు వరుసగా ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి కాబట్టి రెండింటి కదలికా కలిసి సగటు అవుతుంది. గోడల్లోని సన్నని రంధ్రాల దగ్గర పోగులు పక్కకు తప్పుకుని పోవడం మూడో కారణం. ఈ మూడింటిలో దేని వాటా ఎంతన్నది జాతిని బట్టి మారుతుంది, చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఊళ్లలో ఈ కదలికను లెక్కలు లేకుండానే వాడుకున్నారు. ఎండాకాలంలో ఆకులు వదులైన ఎడ్లబండి చక్రాన్ని చెరువులో నానబెడితే బిగుసుకునేది. వదులైన గొడ్డలి కామను రాత్రంతా నీళ్లలో ఉంచడం కూడా అలాంటిదే. చక్రం సంగతి ఎలా ఉన్నా గొడ్డలి విషయంలో ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. నానిన కామ ఉబ్బుదామంటే చుట్టూ ఇనుము ఉంది. ఎటూ పోలేక దాని కణాలు నలిగిపోతాయి. మళ్లీ ఆరినప్పుడు ఆ నలిగిన కొలత నుంచి కుంచిస్తుంది కాబట్టి ఈసారి ముందుకన్నా వదులవుతుంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో కలప శాస్త్రం బోధించిన బ్రూస్ హోడ్లీ ఇలా అడ్డుపడిన ఉబ్బు మీద ప్రయోగాలు చేశాడు. 1980లో వచ్చిన ఆయన పుస్తకాన్ని వడ్రంగం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ చదువుతున్నారు. ఎండాకాలంలో సందు లేకుండా బిగించి పరిచిన నేలకూ జరిగేది సరిగ్గా ఇదే. వానలకు ఉబ్బి పలకల అంచులు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి, మరుసటి వేసవికి సందులు తేలతాయి. చెక్క బాలేదని డిపో వాళ్లను తిడతారు, పాపం చెక్కలో ఏ దోషమూ ఉండదు.

పాత చెక్క ఎండి చచ్చిపోయింది, ఇక కదలదు అన్న నమ్మకం కూడా సరికాదు. నూరేళ్ల దూలంలోనూ హెమిసెల్యులోజ్ ఉంది, గాలిలో తేమ మారినప్పుడల్లా అదీ కదులుతుంది. పాలిష్ తేమను ఆపదు, నెమ్మది చేస్తుందంతే.

ఇప్పుడు హైదరాబాద్ గదికి వద్దాం. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ బాగా పడిపోయినప్పుడు చెక్కలో నీటి పాలు 7 శాతం దగ్గర ఉంటుందనీ, ఆగస్టు ముసురులో 14కి పెరుగుతుందనీ అనుకుంటే, పన్నెండడుగుల గదిలో అడ్డంగా పేర్చిన టేకు పలకల మొత్తం వెడల్పు దాదాపు 48 మి.మీ. మారుతుంది. ఇది పలక వెడల్పు వలయాల వెంబడి ఉన్నప్పటి లెక్క. అదే పలకలో వలయాలు నిటారుగా నిలబడి ఉంటే మార్పు సగానికి దిగుతుంది. రెడ్ ఓక్ అయితే మొదటి కోతలో 70 మి.మీ. దాటుతుంది. గట్టిదనంలో గెలిచిన చెక్క ఇక్కడ చిత్తుగా ఓడిపోయింది. విశాఖ లాంటి సముద్రతీరంలో గాలి తేమగా ఉన్నా ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి చెక్కకు అక్కడే సుఖం, ఏసీ పెట్టనంత కాలం. భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలిలో తేమను బట్టి నాలుగు మండలాలుగా విభజించి, ఎక్కడ చెక్కను ఎంత దాకా ఎండబెట్టాలో చెప్పింది కూడా ఈ కారణంగానే.

ఈ కదలికను పలకకు ఇంత అని పంచి చూడాలి. 150 మి.మీ. వెడల్పు పలక మధ్య సందు 2 మి.మీ. దాకా తెరుచుకుంటే, 50 మి.మీ. పట్టీల మధ్య 0.7 మి.మీ. మించదు. వలయాలు నిటారుగా ఉన్న పట్టీ అయితే 0.3. కంటికి ఆనదు. అంటే డిపోలో అన్నిటికన్నా ఖరీదైన వెడల్పాటి పొడవాటి పలకే నేల మీద అన్నిటికన్నా ఎక్కువ కదులుతుంది. ఎవరూ అడగని పొట్టి, సన్నని ముక్కలే భౌతికశాస్త్రం లెక్కన మేలైన సరుకు. అమెరికాలో తెలుగు కుటుంబాలు కొనుక్కునే పాత ఇళ్లలో కనిపించే ఓక్ నేలలు చాలావరకు రెండుంపావు అంగుళాల పట్టీలే. ఆ దేశంలో నెంబర్ 2 కామన్ రకం ఓక్ చవక. ముడులు, రంగు తేడాలు ఎక్కువ, ముక్కలు పొట్టి, కానీ కణాల గోడలు మొదటి రకంలోనివే.

ఇక్కడైతే ఒక సులువు ఉంది. రెండంగుళాల మందం ఉన్న మామూలు కోత టేకు చెక్క తీసుకుని దాని కొస చూడండి. వలయాలు వెడల్పు ముఖానికి సమాంతరంగా, కొద్దిపాటి వంపుతో పడుకుని ఉంటాయి. దాన్ని నిలువునా 20 మి.మీ. పట్టీలుగా కోయించి, ఒక్కో పట్టీని పక్కకు తిప్పి పడుకోబెడితే రెండంగుళాల ముఖం పైకి వస్తుంది, కొసలో వలయాలు నిటారుగా నిలబడతాయి. ప్రత్యేకంగా కోసిన దుంగకు ఇచ్చే ధర ఇవ్వకుండానే ఆ గుణం దొరికింది. రంపపు దారికి కోతకు 3 మి.మీ. దాకా పొట్టు పోతుంది, ఆ నష్టం భరించదగ్గదే. కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే దూలాలు, వాసాలు, గుమ్మాలు ఈ పనికి బాగా నప్పుతాయి. మేకులు పీకించి, పురుగు పట్టిన తెల్లచెక్క తీసేసి, చేవ మాత్రం ఉంచుకోవాలి.

కొత్త సరుకే కావాలంటే రబ్బరు చెక్క ఉంది. పాలు ఇవ్వడం తగ్గిపోయిన ఇరవై అయిదు, ముప్పై ఏళ్ల చెట్లను కేరళలో ఎలాగూ నరికేస్తారు. కదలికలో ఇది టేకుకు చాలా దగ్గర. పురుగు మాత్రం తేలిగ్గా పడుతుంది కాబట్టి బోరాన్ లవణాలు పట్టించిన చెక్కే కొనాలి, తడి తగిలే గదుల్లో వాడకూడదు. నీలగిరి ఇంకా చవక గానీ ఎండేటప్పుడు మెలికలు తిరుగుతుంది. లేత తోట టేకుతోనూ జాగ్రత్త అవసరం. మాను నడుమ ఉండే మొదటి వలయాల్లో పోగుల ఏటవాలు ఎక్కువ, అందువల్ల పలక పొడవునా కూడా కొంత కుంచించి వంకరపోతుంది.

కొనేటప్పుడు డిపోలో తేమ మీటరు గుచ్చి చూడమని అడగాలి. హైదరాబాద్‌కు 10, 11 శాతం దగ్గర ఉన్న చెక్కను నవంబరు, డిసెంబరు నెలల్లో పరిస్తే రెండు వైపులా కదలికకు చోటుంటుంది. కొత్త సిమెంటు గచ్చు పూర్తిగా ఆరక ముందు పరిస్తే కింది తేమంతా చెక్కకే ఎక్కుతుంది. విచారం ఏమిటంటే నమూనాలు చూపే దుకాణాల్లో పలక ముఖానికి నిగనిగలాడే పాలిష్ పెడతారు, కొసలను అట్టపెట్టెలో దాచేస్తారు. కొస చూపించమంటే వింతగా చూస్తారు. నేల వేసేచోటా ఇదే బాధ. గోడ చుట్టూ పలకలు కదలడానికి 12 మి.మీ. ఖాళీ వదిలితే, ఆ తర్వాత వచ్చిన మేస్త్రీ పని పూర్తికాలేదనుకుని దాన్ని సిమెంటుతో పూడ్చేస్తాడు. అతనికి ముందే చెప్పి, ఖాళీని అలాగే ఉంచి, స్కర్టింగ్‌ను నేలకు తగిలించకుండా గోడకే బిగించమనాలి.