సూపర్‌మాన్‌కు ఎగరటం రాని రోజులు

పిల్లలూ! సూపర్‌మాన్ మీ అందరికీ తెలిసినవాడే. నీలం దుస్తులు, వీపు మీద రెపరెపలాడే ఎర్రని వస్త్రం, రొమ్ము మీద ‘ఎస్’ అనే ఇంగ్లీషు అక్షరం చూస్తే చాలు, గుర్తుపట్టేస్తారు. మీలో కొందరు మెడకు తువ్వాలు ముడి వేసుకుని, మంచం మీదినుంచి దూకి, అమ్మచేత చీవాట్లు కూడా తిని ఉంటారు.

అయితే ఒక సంగతి మీకు తెలుసా? మొదటి రోజుల్లో సూపర్‌మాన్‌కు ఎగరటం రాదు. అంతకన్న వింత ఏమంటే, మొట్టమొదట అతను మంచివాడే కాదు! ఆ కథేమిటో చెబుతాం, వినండి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లండ్ అనే నగరం ఉన్నది. అక్కడి గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో జెరీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు స్నేహితులు చదువుకునేవారు. ఇద్దరూ 1914లోనే పుట్టారు. ఇద్దరి తల్లిదండ్రులూ యూరప్ నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవారే. జెరీకి కథలు రాయటం పిచ్చి. జోకు బొమ్మలు వెయ్యటం పిచ్చి. ఇద్దరికీ కళ్ళజోళ్ళు, ఇద్దరికీ బిడియం.

అవి గడ్డురోజులు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం మూలాన లక్షలమందికి పని లేకుండా పోయింది. జో దగ్గర మంచి కాగితం కొనటానికి డబ్బులుండేవి కావు. పొట్లాలు కట్టే కాగితాల మీదా, గోడలకు అంటించే రంగు కాగితాల వెనకవైపునా బొమ్మలు వేసేవాడు. వాళ్ళమ్మ రొట్టెల పిండి పిసికే చెక్కే అతని బొమ్మల బల్ల. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే స్తోమత లేక, కోటు మీద కోటు వేసుకుని, చేతులకు తొడుగులతోనే గీసేవాడు.

1932లో జెరీ ఇంట పిడుగు పడ్డట్టయింది. అతని తండ్రికి ఒక బట్టల దుకాణం ఉండేది. ఒక రాత్రి అందులోకి దొంగలు వచ్చారు. ఆ గొడవలో ఆయన గుండె ఆగి కన్నుమూశాడు.

1933 జనవరిలో జెరీ తాను నకళ్ళు తీసి పంచే ఒక చిన్న పత్రికలో ఒక కథ రాశాడు. దానికి జో బొమ్మలు వేశాడు. అందులో ఆకలితో అలమటించే ఒక దరిద్రుడికి ఒక శాస్త్రజ్ఞుడు ఏదో మందు పెడతాడు. దానితో వాడికి ఇతరుల మనసులోని మాట తెలుసుకునే శక్తి వస్తుంది. శక్తి రాగానే గర్వం తలకెక్కి, ప్రపంచాన్నే ఏలాలనుకుంటాడు. చివరకు మందు గుణం పోయి, మళ్ళీ ఎప్పటి దరిద్రుడే అవుతాడు. ఆ దుర్మార్గుడి పేరే సూపర్‌మాన్!

తరవాత జెరీకి ఒక ఆలోచన తట్టింది. ఇంత శక్తి గలవాడు లోకానికి కీడు చేసే బదులు మేలు చేస్తే ఎలా ఉంటుంది? తుపాకీ గుండు తగిలినా చావనివాడు, దొంగల పనిపట్టేవాడు ఒకడుంటే? తండ్రి పోయిన దుఃఖంలోనుంచే ఈ ఊహ పుట్టిందో ఏమో, జెరీ మాత్రం ఆ సంగతి ఎన్నడూ పైకి చెప్పలేదు.

మిత్రులిద్దరూ మంచి సూపర్‌మాన్‌తో ఒక బొమ్మల పుస్తకం తయారుచేశారు. అందులో అతనికి ప్రత్యేకమైన దుస్తులేమీ లేవు, అతను వేరే గ్రహంనుంచీ రాలేదు. ఒక ప్రచురణకర్త ముందు ఆసక్తి చూపి, తరవాత వద్దన్నాడు. ఆ నిరాశలో జో తాను గీసిన బొమ్మలన్నీ నాశనం చేశాడు. అట్ట బొమ్మ ఒక్కటే మిగిలింది!

అయినా వాళ్ళు వదిలిపెట్టలేదు. జెరీ తరవాత చెప్పినదాని ప్రకారం, ఒక వేసవి రాత్రి అతనికి నిద్ర పట్టక, కథ ముక్కలు ముక్కలుగా తోస్తూ వచ్చింది. తెల్లవారగానే జో ఇంటికి పరిగెత్తాడు. సూపర్‌మాన్ నాశనమైపోయిన మరో గ్రహంనుంచి వచ్చిన శిశువయ్యాడు. పైకి మాత్రం క్లార్క్ కెంట్ అనే విలేఖరి. కళ్ళజోడూ, బిడియమూ గల అమాయకుడు. ఈ కెంట్‌ను ఎవరిని చూసి కల్పించారో మీకిప్పుడు తెలిసిపోయి ఉంటుంది!

దుస్తులకు సర్కసు వస్తాదులు మార్గం చూపించారు. వాళ్ళు బిగుతు దుస్తుల మీద చిన్న లాగు వేసుకునేవారు. సూపర్‌మాన్ లాగు పైకి కనపడటానికి కారణం అదే. ఇక వీపు మీది వస్త్రం గాలికి ఎగిరితే, కదలని బొమ్మ కూడా కదులుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ కథను పత్రికలవాళ్ళు ఏళ్ళ తరబడి తిప్పికొట్టారు. చివరకు 1938లో ఒక సంస్థ కొన్నది. పాత బొమ్మలను కత్తిరించి, అతికించి, 13 పేజీలు చేశారు. పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ముట్టాయి. ఆ సొమ్ముతోబాటు ఒక కాగితం కూడా వచ్చింది. దాని మీద సంతకం చెయ్యగానే సూపర్‌మాన్ మీది హక్కులన్నీ సంస్థవైపోయాయి. అప్పటికి వాళ్ళిద్దరికీ 23 ఏళ్ళు.

‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక మీద 1938 జూన్ అని వేశారు. వెల 10 సెంట్లు. అట్ట మీద సూపర్‌మాన్ ఒక ఆకుపచ్చ కారును రెండు చేతులా ఎత్తి బండకు బాదుతూ కనిపిస్తాడు.

హనుమంతుడు నూరు యోజనాల సముద్రాన్ని లంఘించాడు గదా. ఆనాటి సూపర్‌మాన్ కూడా లంఘించేవాడే తప్ప ఎగిరేవాడు కాదు. పాపం, అతని దూకుడు ఫర్లాంగుతో సరి! ఇరవై అంతస్తుల భవనం దాటగలడు, రైలును మించి పరిగెత్తగలడు. ఫిరంగి గుండు పేలితే మాత్రం అతని చర్మానికీ గాయం తప్పదు.

ఈ బలమంతా ఎక్కడిది? చీమ తనకన్న ఎన్నో రెట్లు బరువు మోస్తుంది, మిడత తన పొడవుకు ఎన్నో రెట్లు దూరం దూకుతుంది, ఇదీ అంతే అన్నాడు జెరీ. ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. చీమను పదింతలు పెంచామనుకోండి. పొడవూ, వెడల్పూ, ఎత్తూ కూడా పదింతలవుతాయి గనక దాని బరువు 1,000 రెట్లవుతుంది. కాని కండ బలం కండ మందాన్ని బట్టి ఉంటుంది. అది 100 రెట్లే పెరుగుతుంది. మనిషంత చీమ బరువు మొయ్యటం మాట అటుంచి, తన కాళ్ళమీద తాను నిలబడలేదు! దేహం పెరిగితే బలం అదే లెక్కన పెరగదని గెలీలియో 1638లోనే రాశాడు. తరవాతి రచయితలు వేరే కారణాలు వెతికారు. క్రిప్టన్ గ్రహం ఆకర్షణశక్తి ఎక్కువన్నారు. 1960లో మన పసుపుపచ్చ సూర్యుడి మహిమ అన్నారు.

మొదటి కథల్లో సూపర్‌మాన్ రాక్షసులతో పోరాడలేదు. భార్యను కొట్టేవాడికీ, గనిలో కూలీల ప్రాణాలు లెక్కచెయ్యని యజమానికీ బుద్ధి చెప్పాడు. కష్టకాలంలో పెరిగిన కుర్రవాళ్ళు ఊహించిన వీరుడు మరి!

తరవాత మరెందరో అతన్ని తీర్చిదిద్దారు. 1940లో రేడియో నాటకం మొదలయింది. రేడియోలో మనిషి కనపడడు గనక, గాలి రొద వినిపించి, అతను ఎగురుతున్నాడనిపించారు. 1941లో కదిలే బొమ్మల చిత్రాలు తీసేటప్పుడు, గెంతుతూ పోవటం తెర మీద బాగుండలేదని అతన్ని ఎగరనిచ్చారు. పుస్తకాల్లోనూ అదే స్థిరపడింది. అతని బలాన్ని హరించే క్రిప్టనైట్ అనే రాయి 1943లో రేడియో నాటకంలోనే వచ్చింది. దేనికీ లొంగనివాడి కథ ఎంతసేపని వింటాం?

సూపర్‌మాన్ ఇలా పెరుగుతూ ఉంటే, అతన్ని కన్నవాళ్ళు చితికిపోయారు. 1947లో కోర్టుకెక్కి, మరుసటి ఏడు కొంత సొమ్ము తీసుకుని హక్కు వదులుకున్నారు. కథల మీద వాళ్ళ పేర్లు కూడా పోయాయి. 1975 నాటికి జోకు చూపు దాదాపు పోయింది. ఆ ఏడు జెరీ తమ గోడు లోకానికి చెప్పుకున్నాడు. తోటి చిత్రకారులు అండగా నిలిచారు. డిసెంబరులో చెరొకరికి ఏటా 20,000 డాలర్లు ఇవ్వటానికీ, సృష్టికర్తలుగా వాళ్ళ పేర్లు వెయ్యటానికీ ఒప్పందం జరిగింది. జో 1992లోనూ, జెరీ 1996లోనూ చనిపోయారు.

ఆ 130 డాలర్లు కలిపి రాసిన పాత చెక్కును 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది! మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది!

పిల్లలూ, మీరు కథ రాసి, బొమ్మ గీసి, బాగా లేదని చించబోయేటప్పుడు జో షూస్టర్‌ను జ్ఞాపకం చేసుకోండి. దాన్ని దాచండి, మళ్ళీ రాయండి. పెద్దవాళ్ళయ్యాక ఎవరైనా కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నప్పుడు మాత్రం, ఇద్దరినీ జ్ఞాపకం చేసుకుని, ముందు పూర్తిగా చదవండి!