నీరు నిలుచు చోట నేమి నాటవలెను?

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో వాన కెదురుచూచుటయే వాడుక గాని, నీరెక్కువయైనదని చింతించువా రరుదు. అయినను పల్లపు పెరటిలోను, బావిగట్టు క్రిందను, పాఠశాల తోటలో గోడవారను నీరింకక బురదగా నుండు మూల యొకటి తఱచుగా కనబడును. అచ్చట పిల్లలు ప్రేమతో నాటిన బంతినారు కొలదిదినములలోనే పసుపువన్నెకు తిరిగి వాడిపోవును. నీరు చాలలేదని తలచి వారు మఱింత పోయుదురు. అందుచే మిగిలినవియు చచ్చును. దీనికి కారణమేమో, అట్టి చోట నేయే మొక్కలు తగునో యిచ్చట వివరింతుము.

వేరును మనవలెనే యూపిరి పీల్చును. మట్టి రేణువుల సందులలో నుండు గాలియే దాని కాధారము. ఆ సందులన్నియు నీటితో నిండినయెడల ప్రాణవాయువు లోపించి వేరు కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చజాలదు గనుక, నీటి నడుమ నున్న మొక్కయే దప్పిగొన్నదానివలె వాడును. మన మెట్టలయందలి యెఱ్ఱనేల నీటిని త్వరగా క్రిందికి విడుచును. వానకు కొట్టుకొనివచ్చిన సన్నని బంకమన్ను చేరిన పల్లము విడువదు.

కావున, బాలబాలికలారా, నాటుటకు ముందు నేలను పరీక్షింపుడు. అడుగు లోతు, అడుగు వెడల్పు గల గుంట త్రవ్వి నీటితో నింపుడు. అది యింకిన పిమ్మట మరల నింపి, కొలకఱ్ఱతో చూడుడు. నీరు గంటకు 1 అంగుళమైనను తగ్గనియెడల ఆ నేల నీటిని పట్టియుంచునదని యెఱుగవలెను.

ఇట్టి తావున గులాబి, మల్లె, చామంతి, బొప్పాయి, మునగ తగవు. పసుపు, అల్లము తడిని కోరినను, నిలువనీట వాని కొమ్ములు కుళ్లును. ఇవియే నాటగోరినయెడల, ఈ సీమలో టమాటాలు పండించు రైతులు బోదెలు తీసినట్లు, మట్టిని అడుగెత్తు పోసి, ఆకుల యెరువు కలిపి, దానిపై నాటవలెను.

తడికి తగిన మొక్కలను ఎన్నుకొనునప్పుడు రెండు విధముల చోట్లను వేఱుపఱుపవలెను. మొదటిది, బావినీటివలన ఏడాది పొడవునను తడిగా నుండునది. అచ్చట చేమ, వస, పొన్నగంటికూర, తూటికూర, సరస్వతాకు చక్కగా పెరుగును. అయితే మురికినీరు పాఱు చోట పెరిగిన ఆకుకూరను తినరాదు. అట్టి చోట పూలకొఱకు మెట్టతామరను నాటుడు. పేరున మెట్ట యున్నను దానికి తడినేలయే యింపు.

రెండవది, వానకాలమున బురదయై వేసవిలో ఇటుకవలె గట్టిపడునది. మన ప్రాంతమున నిదియే యెక్కువ. చేమవంటివి యిచ్చట మే నెల యెండకు నిలువవు. కానుగ, నేరేడు, తెల్లమద్ది యను వృక్షములు వేరూనిన పిమ్మట ఈ రెంటిని ఓర్చుకొనును. వీనికి విశాలమైన స్థలము కావలెను. గోడకు దూరముగా నాటుడు. జూన్, జూలై నెలల తొలివానలకు నాటినయెడల, అక్టోబరు, నవంబరు నాటి పెద్దవానలు వచ్చుసరికి మొక్క స్థిరపడును.

తలిదండ్రులకు రెండు మాటలు మనవి చేయుచున్నాము. గుర్రపుడెక్క పూవు అందమైనదని దానిని తేవలదు. ఆ యందమునకే దక్షిణ అమెరికానుండి యితర దేశములకు కొనిపోబడిన యా మొక్క నేడు చెఱువులను కప్పివేయుచున్నది. ఇక, ఎన్ని మొక్కలు నాటినను పైకి కనబడు నీటిగుంటను విడిచిపెట్టరాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర మన సికిందరాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నిలువనీట గ్రుడ్డు పెట్టిన దోమసంతతి వారము పదిదినములలో ఎగురసాగును. గనుక చిన్న కాలువ తీసి, ఆ నీటిని చెట్టు పాదులోనికి మరలింపుడు.

సృష్టికర్త మెట్టకును పల్లమునకును తగిన మొక్కలను ఏర్పఱచియున్నాడు. ఈ యేడు ప్రతి విద్యార్థియు తన యింటి బురదమూలను పరీక్షించి, నీరెంత సేపటికి ఇంకినదో, ఏ మొక్క నాటినదో, అది యెట్లున్నదో నోటుపుస్తకమున వ్రాసి యుపాధ్యాయులకు చూపవలెనని కోరుచున్నాము.